ముఖం కడుక్కోని రోజు

"ఎన్నిసార్లు కడిగినా ఆ ముఖం అదే ముఖం కదమ్మా!" అంది అత్తగారు, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

కోడలు అప్పటికే స్నానాలగదిలోకి దూరి గడియ పెట్టేసుకుంది. పొయ్యి మీద పాలు సన్నమంట మీద ఉన్నాయి. ఉల్లిపాయ సగం తరిగి వదిలేసింది. గుండె మాత్రం తన దారిన తాను పరుగు లంకించుకుంది. ఎప్పుడూ అంతే. ముందుగా కబురు పెట్టదు, మెల్లమెల్లగా పెరగదు. మెట్టు దిగుతూ అడుగు తప్పినట్టు ఒక్క కుదుపు, ఆ మరుక్షణం గొంతులో, చెవుల్లో, కళ్ల వెనకాల అదే దడదడ. లెక్కపెడదామన్నా అందదు. బకెట్టు నిండా చన్నీళ్లు పట్టి, గుండెల నిండా గాలి పీల్చి, ముఖం మొత్తం ముంచేసి, పొట్ట బిగబట్టి, "ఆగు తల్లీ, ఆగవే తల్లీ" అని లోపల్లోపలే బతిమాలుకుంది. నీళ్లలో ఉండగానే ఛాతీలో తలుపు పడినట్టు ఠక్కున ఆగింది. ఒక్క క్షణం లోపల ఏమీ లేదు. ఆ తర్వాత ఏమీ ఎరగని నంగనాచిలా మామూలు గుండె కొట్టుకోవడం మొదలుపెట్టింది.

తలుపు తీసుకుని వచ్చేసరికి పాలు పొంగి పొయ్యంతా పారాయి.

"పొయ్యి మీద పాలు పెట్టి ముఖానికి సోకులేమిటో! మా కాలంలో తుమ్మడానికే తీరిక ఉండేది కాదు" అంది అత్తగారు. కోడలు తడిగుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టింది. నుదుటి మీద కుట్లు ఇంకా సలుపుతూనే ఉన్నాయి. పోయిన వారం ఇదే స్నానాలగదిలో, బకెట్టు నిండేలోపే కళ్లు తిరిగి పడిపోయింది. తెలివొచ్చేసరికి చెంప కింద తడినేల, తలుపవతల అత్తగారి గొంతు. "తడి చూసుకుని నడవద్దూ" అన్నారు అందరూ. తడి వల్ల పడలేదని చెబితే ఎవరు వింటారు? ఈసారి పడేది కాగుతున్న నూనె ముందయితే? మెట్ల మీదయితే? మళ్లీ లేవకపోతే? ఆమెకు చచ్చిపోతానని భయంగా ఉంది. అంతకంటే పెద్ద భయం ఇంకోటుంది. చచ్చిపోయాక కూడా, "తడి చూసుకోలేదు పాపం" అనే అంటారు.

ఈ చన్నీళ్ల కిటుకు ఆమెకు ఎవరూ నేర్పలేదు. చదువుకునే రోజుల్లో ఒకసారి గుండె ఇలాగే పరుగెత్తితే, ఏం చెయ్యాలో తోచక కుళాయి కింద ముఖం పెట్టింది, ఆగింది. అప్పట్నుంచి అదే మందు. పెళ్లయి ఈ ఇంటికొచ్చాక మందుతో పాటు పేరు కూడా వచ్చింది. ఆడపడుచు ఎప్పుడొచ్చినా "జలకన్య ఎక్కడా, నీళ్లలోనేనా?" అంటుంది. అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. నవ్వకపోతే ముఖం ముడుచుకుందంటారు. ఏం చేసినా ఆ ముఖంతోనే వచ్చింది చిక్కంతా.

ఆఫీసులో నీళ్లు కూడా దొరకవు. ఫ్రిజ్జులు పాడైన వాళ్లు ఫోన్ చేస్తే సముదాయించే ఉద్యోగం ఆమెది. చెవులకు హెడ్‌సెట్టు, ఎదురుగా తెర, గొంతులో చిరునవ్వు ఉండి తీరాలి. ఐస్ గడ్డకట్టడం లేదని అవతల మనిషి తిడుతుంటే ఇవతల గుండె తప్పించుకుపోతున్నట్టు పరుగెడుతుంది. అప్పుడు బల్ల అంచు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, పొట్ట గట్టిగా నొక్కుకుని కూర్చుంటుంది. కాల్స్ అన్నీ రికార్డవుతాయి. సూపర్‌వైజరు ఆమెను పిలిచి ఆ నిశ్శబ్దాన్నే వినిపించాడు. "ఇదేంటండీ? కస్టమర్‌ని గాలికొదిలేసి ఎక్కడికెళ్లారు? ఇంట్లో సమస్యలు ఇంట్లో పెట్టి రావాలి" అన్నాడు. ఇంట్లోనేమో ఆఫీసు సమస్యలు ఆఫీసులో పెట్టి రమ్మంటారు. ఈ గుండెని ఎక్కడ పెట్టి ఎక్కడికి రావాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

భర్త దుర్మార్గుడేమీ కాదు. అదే కష్టం. దుర్మార్గుడైతే తిట్టుకునైనా బతకవచ్చు. మొదటిసారి ఆమె పాలిపోయి మంచం మీద కూలబడితే అతనే కంగారుపడి, "పద, ఆసుపత్రికి వెళ్దాం" అన్నాడు. ఆమె అలాగే లేచి గుమ్మం దాకా వచ్చింది. అప్పుడే ఆమెను పైనుంచి కిందికి చూసి, "ఆ అవతారంతోనా? నలుగురూ ఉంటారక్కడ. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని రా" అన్నాడు. ఆమె కడుక్కుంది. చెప్పిన మాట వినడం అలవాటైన చేతులు. నీళ్లు తగలగానే పరుగు ఆగిపోయింది. అయినా బయల్దేరారు కాబట్టి వెళ్లారు. అక్కడి కుర్ర డాక్టరు ఈసీజీ కాగితం పైకెత్తి, "పాఠ్యపుస్తకంలో అచ్చేసుకోవచ్చు, అంత బాగుంది" అని నవ్వి, ఆమెను వదిలేసి భర్తను అడిగాడు. "మేడమ్‌కి టెన్షన్లు ఎక్కువా?"

తిరిగొచ్చి ఇంటి ముందు బండి ఆపాక భర్త అన్నాడు. "నా ధ్యాస కావాలంటే నోరు తెరిచి అడుగు. ఇలా మాత్రం వద్దు." ఆ మాట ఆమె ఇప్పటికీ నమలలేదు, మింగలేదు. గాభరా తగ్గడానికని ఆ డాక్టరు రాసిన బిళ్లలు మింగితే నిద్ర ముంచుకొచ్చేది. గుండె మాత్రం మెలకువగానే ఉండేది.

తర్వాత ఒక మధ్యాహ్నం, భోజనం మానేసి ఒక్కతే గుండె డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. ఆవిడ తొందరపెట్టకుండా అంతా విన్నది. "గాభరా అయితే మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుందమ్మా. మీది స్విచ్చు వేసినట్టు మొదలై, స్విచ్చు తీసినట్టు ఆగుతోంది. అది గాభరా లక్షణం కాదు" అంది. ఇన్నేళ్లలో మొదటిసారి ఎవరో తనని నమ్మారని ఆమెకు అక్కడే కళ్లనీళ్లు తిరిగాయి. డాక్టరమ్మ గుప్పిట మూసి చూపిస్తూ చెప్పింది. "గుండెకి పైన రెండు గదులు, కింద రెండు గదులు. పైగది మూలన ఒక చిన్న చోట కరెంటు పుడుతుంది. అది పై గదుల్ని ముడిచి, మధ్యలో ఉన్న ఒకే ఒక్క గుమ్మం దాటి కిందికి దిగుతుంది. గుమ్మం దగ్గర రెప్పపాటు ఆగుతుంది, కింది గదులు రక్తంతో నిండాలి కదా. కొందరికి మధ్యలో ఒక దెబ్బ తప్పుతుంది, చాలాసార్లు దానివల్ల ప్రమాదం లేదు. కొందరికి పెద్దవయసులో పై గదులు ముడుచుకోవడం మానేసి ఊరికే వణుకుతాయి, అది పక్షవాతం దాకా తేవచ్చు. మీకు బహుశా పుట్టుకతోనే ఇంకో దొంగదారి ఉంది. కిందికి దిగిన కరెంటు ఆ దారిన పైకెక్కి, మళ్లీ గుమ్మంలోంచి దిగి, మళ్లీ ఎక్కి, అలా చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. గదులకి నింపుకునే తీరికే ఉండదు. అందుకే కళ్లు తిరుగుతాయి."

నింపుకునే తీరిక లేకుండా చుట్టూ తిరగడం ఆమెకు అంత వింతగా అనిపించలేదు.

"చన్నీళ్లు తగలగానే ఒక నరం ఆ గుమ్మాన్ని క్షణం పాటు మూసేస్తుంది. చుట్టు తెగుతుంది. మీకు తెలియకుండానే మంచి వైద్యం చేసుకుంటున్నారు. కాకపోతే మాకు చూడ్డానికి ఏమీ మిగల్చడం లేదు" అని నవ్వింది డాక్టరమ్మ. సన్నటి తీగ లోపలికి పంపి ఆ దొంగదారిని కాల్చేస్తే నూటికి తొంభై మందికి పైగా ఇక ఈ బాధే ఉండదట. కానీ ముందు అది ఏ రకం పరుగో కాగితం మీద పడాలి. ఒక రోజంతా ఒంటికి తగిలించుకుని తిరిగే మిషన్ కూడా ఇచ్చింది. ఆ రోజు గుండె పెళ్లిచూపుల్లో పిల్లలా తలొంచుకుని బుద్ధిగా నడిచింది. "అయితే ఒక్కసారి ఆపకుండా రండి. ఒంటరిగా మాత్రం రావద్దు" అంది డాక్టరమ్మ చివరికి.

ఒంటరిగా కాకుండా అంటే భర్తతో. "మిషన్లన్నీ బాగుందంటుంటే గుండెలో తీగలు పెట్టించుకుంటావా? ఎవరైనా వింటే నవ్వుతారు" అన్నాడతను.

పొయ్యి తుడుస్తూ ఇదంతా తలపోసుకుంటుంటే, వసారాలోంచి అతని గొంతు వినిపించింది. అతని పని లిఫ్టులు బాగుచెయ్యడం. ఏదో అపార్టుమెంటు వాచ్‌మన్ మీద ఫోన్‌లో కేకలేస్తున్నాడు.

"ఆపి మళ్లీ ఆన్ చేశారా? ఎవరు చెయ్యమన్నారు? లిఫ్ట్ మొరాయిస్తే స్విచ్ ముట్టుకోవద్దని చెప్పానా లేదా? మీరు ఆపేసి వేస్తే అది బ్రహ్మాండంగా తిరుగుతుంది, ఇక నేనొచ్చి చూసేదేముంది, నా మొహం! లేదండీ, తప్పు లేదని నేనన్నానా? ఉంది. అప్పుడప్పుడూ వచ్చి పోయే తప్పుంది చూశారూ, అదే అన్నిటికంటే ప్రమాదం. నిన్న పొద్దుటంతా అందులోనే ఎక్కుతూ దిగుతూ కూర్చున్నాను దొరుకుతుందేమోనని. మళ్లీ వస్తే అలాగే వదిలెయ్యండి. ఎవ్వరూ ముట్టుకోవద్దు."

ఆమె చేతిలో గుడ్డలోంచి పాలు బొట్లుబొట్లుగా కాళ్ల మీద పడుతున్నాయి. కోపం రావలసింది, రాలేదు. ఏడుపొచ్చింది. ఒక ఇనుపడబ్బా మీద ఇంత ఓపికా! అది మాట్లాడలేదు, ఏడవలేదు, పెళ్లి చేసుకుని ఇంటికి రాలేదు. అయినా దాని మాట నమ్మి, దానిలో కూర్చుని, తప్పు దొరికేదాకా ఎక్కి దిగాడు. కడుపు తరుక్కుపోయేలా ఏడ్చింది, కుళాయి తిప్పి, చప్పుడు బయటికి పోకుండా. ఏడుపు అయ్యాక కళ్లు తుడుచుకుంటూ అనుకుంది, ఇన్నేళ్లుగా ఆపి ఆన్ చేస్తున్నది తనే కదా.

ఆదివారం ఆడపడుచూ, ఆమె మొగుడూ భోజనానికి వచ్చారు. అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆమె కూర గిన్నెతో వంటింట్లోంచి వస్తుండగా మెట్టు తప్పినట్టు ఆ కుదుపు వచ్చింది. గిన్నె ఎలాగో బల్ల మీద పెట్టింది. కాళ్లు వాటంతటవే స్నానాలగది వైపు తిరిగాయి.

"వదినా, జలకన్యకి వేళయిందా?" అంది ఆడపడుచు. బల్ల చుట్టూ నవ్వులు.

ఆమె వెనక్కి తిరిగి వచ్చి ఖాళీ కుర్చీలో కూర్చుంది. అతిథులు తిని చేతులు కడుక్కోకముందే ఆ ఇంట్లో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

"వడ్డన మధ్యలో ఆ కూర్చోవడమేమిటి?" అంది అత్తగారు.

"నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇప్పుడే" అంది ఆమె భర్తతో.

"అందరి ముందూ మొదలెట్టావా?" అన్నాడతను పళ్లబిగువున. "వెళ్లి ముఖం కడుక్కో, తగ్గిపోతుంది. రోజూ చేసేదేగా."

ఆమె అతని చెయ్యి పట్టుకుని, వేళ్లు తన మెడ మీద ఆనించింది. అతను విదిలించుకోబోయి ఆగిపోయాడు. మోటారు మీద చెయ్యి వేసి లోపలేం జరుగుతోందో చెప్పగల వేళ్లవి. బల్ల దగ్గర నవ్వులు ఇంకా అయిపోలేదు, అతని ముఖంలో మాత్రం రక్తం లేదు. చెయ్యి కడుక్కోకుండానే తాళాలు తీసుకున్నాడు.

"కనీసం ముఖమైనా తుడుచుకుని వెళ్లమ్మా, ఆ జిడ్డు ముఖంతో..." అత్తగారి మాట మెట్ల దాకా వెంటొచ్చింది.

అతని లిఫ్టు సామాన్ల వ్యాన్‌లో ఆమె కిటికీకి తల ఆనించింది. చెవుల్లో హోరు తప్ప వీధి చప్పుడేదీ వినిపించడం లేదు. చేతివేళ్లు చల్లబడ్డాయి. రెడ్ లైట్ దగ్గర భర్త వెనక నుంచి నీళ్లసీసా లాగి మూత తీశాడు.

"ఆపుకో. నీకు తెలుసుగా ఎలా ఆపాలో. ముఖం కడుక్కో."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నమ్ముతున్నానే! చేత్తో పట్టుకుని చూశాను కదా. నమ్ముతున్నాను. ఇంక పంతం ఎందుకు, చస్తావా ఏంటి? ఆపుకో!"

"ఇవాళ నమ్ముతారు" అంది ఆమె, మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ. "ఇది ఆగిపోతే రేపు అత్తయ్య అడుగుతుంది, డాక్టరేమన్నాడూ అని. అంతా బాగుందన్నాడని చెబుతారు. ఎల్లుండికి మీకే అనుమానం వస్తుంది."

ఆమె సీసా అందుకుని, నీళ్లన్నీ కిటికీలోంచి రోడ్డు మీద పారబోసింది. ముఖం మీద ఒక్క చుక్క పడకుండా జాగ్రత్తపడి, ఖాళీ సీసా అతని చేతికే ఇచ్చేసింది.

ఆసుపత్రిలో ఆమెను మంచం మీద పడుకోబెట్టారు. నర్సు ఛాతీ మీద తీగలు అతికిస్తోంది. ఒక్కొక్కటీ చల్లగా తగులుతుంటే ఆమె ప్రాణం విలవిల్లాడింది. ఈ చల్లదనానికి ఆగిపోతుందేమో! ఇంత దూరం మోసుకొచ్చాక గుమ్మంలో జారిపోతుందేమో! పైకప్పు చీకటిగా అవుతోంది. అంచుల నుంచి నల్లటి చుక్కలు మధ్యలోకి వస్తున్నాయి. పక్కన భర్త ఖాళీ సీసా ఇంకా పట్టుకునే నిలబడ్డాడు.

"కదలకండి, ఒక్క నిమిషం" అంది నర్సు, మిషన్ మీట నొక్కుతూ.

ఉల్లిపాయ వాసన, జిడ్డు, చెమట, అన్నీ అలాగే ఉన్న ముఖంతో, ఆమె కళ్లు మూసుకుంది. జీవితమంతా తలుపు గడియ పెట్టుకుని రహస్యంగా బతిమాలుకున్న మనిషి, ఈసారి గదిలో అందరికీ వినపడేలా అంది.

"ఆగకు తల్లీ. ఇంకొక్క క్షణం ఆగకు."