చార్టుకు ఎదురుగా డప్పు

నేను ఒక డప్పును. మీ ఇంటి పెళ్లి ఊరేగింపులో ముందు నడిచినదాన్ని, మీ తాత పాడె ముందూ నడిచినదాన్ని. ఆ రెండు రోజులు తప్ప ఇంకెప్పుడూ నన్ను మీ గడప దగ్గరికి రానివ్వలేదు కాబట్టి మన పరిచయం అంతంతమాత్రమే.

నన్ను చేసింది సాయిలు. వేపచెక్క బద్దలను గుండ్రంగా కూర్చాడు. నానబెట్టిన మేకతోలును వాటి మీద లాగి, తోలు వారుతో బిగించి ఎండలో పెట్టాడు. ఆరేకొద్దీ తోలు ముడుచుకుని చెక్కను గట్టిగా కరుచుకుంది. సాయంత్రం వేలితో ఒకసారి మీటి, "పలుకుతది" అన్నాడు. నాకు జరిగిన నామకరణం అంతే.

నా గురించి ఒక్క సంగతి తెలిస్తే చాలు. కొట్టే ముందు నన్ను మంటకు కాపాలి. లేకపోతే, అందులోనూ వానాకాలంలో, జలుబు చేసిన ముసలాయన మాట్లాడినట్టు బొంగురుగా మూలుగుతాను. నాలుగు గడ్డిపోచలు అంటించి ఆ సెగకు అటూ ఇటూ తిప్పితే నా గొంతు ఊరవతల చెరుకు తోట దాకా వినిపిస్తుంది. సాయిలు ఈ పని తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. కూతురు రజితకు ఐదేళ్లప్పుడే తెలుసు, గడ్డి ఏరుకొచ్చే పని తనదే గనక.

ఇలా ఉండగా పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. భౌతికశాస్త్రాన్ని స్థానిక సంస్కృతి ద్వారా బోధించాలట. బోధించి ఊరుకుంటే సరిపోదు, జిల్లా సైన్స్ ప్రదర్శనలో చూపించాలట. మా ఊరి హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే కరుణాకర్ సారు సంస్కృతి కోసం రెండు రోజులు గాలించాడు. గుడి గంటను పక్క ఊరి సారు ముందే పట్టుకుపోయాడు. బొంగరాన్ని ఇంకొకాయన తన్నుకుపోయాడు. తీరా చూస్తే ఎవరూ తాకని సంస్కృతి నేనొక్కదాన్నే మిగిలాను. అలా పదో తరగతి చదివే రజిత చంకనెక్కి మొదటిసారి బడి గడప దాటాను.

సారు చెడ్డవాడు కాదు. తొమ్మిదేళ్లుగా మా ఊళ్లో ఉంటున్నాడు, నా చప్పుడు వినపడ్డప్పుడల్లా కిటికీ మూసుకున్నాడు, అంతే. నా మీద పరిశోధన కూడా తలుపు మూసుకునే చేశాడు. వేడి చేస్తే పదార్థాలు వ్యాకోచిస్తాయని పుస్తకంలో ఉంది. తోలు పదార్థమే. కాబట్టి కాపితే తోలు సాగుతుంది, వదులవుతుంది, స్వరం తగ్గుతుంది. మరి వీళ్లెందుకు కాపుతున్నట్టు? తెలియక. ఈ తీర్పును పెద్ద చార్టు మీద రాయించి, అడుగున "మూఢనమ్మకాలను విడనాడదాం" అని ఎర్ర సిరాతో చేర్చి, లామినేషన్ చేయించాడు. నన్ను మంట దగ్గర పెట్టి చూద్దామన్న ఆలోచన మాత్రం ఆయనకు రాలేదు. పుస్తకం చేతిలో ఉండగా అగ్గిపెట్టెతో ఏం పని?

చార్టు చదివి వివరించే బాధ్యత రజితది. ఆ పిల్ల దాన్ని రెండుసార్లు చదివి, "సార్, కాపితే వదులు కాదు సార్. గట్టిగైతది" అంది.

"బుక్కుల ఏమున్నది?"

"వ్యాకోచమనే ఉన్నది సార్. గని డప్పు..."

"బుక్కుల ఉన్నదే చెప్పాలె. జిల్లాకు పోతున్నం. నవ్వులపాలు చెయ్యకు."

నన్ను తీసుకుని ఇంటికెళ్లి తండ్రితో చెప్పింది. సాయిలు చుట్ట పక్కన పెట్టాడు. "సారు చెప్పినట్టే చెప్పు బిడ్డా. నీ మార్కులు ఆయన చేతుల ఉన్నయి. డప్పు సంగతి డప్పుకెరుకే" అన్నాడు. రజిత సగం అన్నంలోనే లేచింది. తను సైన్సు టీచరు కావాలనుకుంటోంది. అందుకు మొదటి మెట్టుగా, తన తండ్రి జన్మంతా చేసిన పని తెలివితక్కువదని నలుగురి ముందు చదవాలట. కొయ్యకు వేలాడుతున్న నాకు ఒళ్లు మండింది, కానీ ఎవరైనా కొడితే తప్ప నోరు విప్పలేని బతుకు నాది.

ప్రదర్శన రోజు ముసురు. నా తోలు తడి గుడ్డలా వేలాడుతోంది. న్యాయనిర్ణేతల్లో అనసూయ మేడం అని రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ ఉంది. ఆవిడ చార్టు పూర్తిగా చదివి, పక్కనున్న సిర్ర పుల్ల అందుకుని నన్ను ఒక్క దెబ్బ వేసింది. బొంగురుగా మూలిగాను. చుట్టూ పిల్లలు కిసుక్కున నవ్వారు. "పాత డప్పు మేడం" అన్నాడు సారు వెంటనే. తప్పు నాదేనన్నమాట.

రజిత చార్టు వైపు తిరిగి, "వేడి వలన తోలు వ్యాకోచించి వదులవుతుంది" అని అప్పజెప్పింది. గొంతు నాకన్నా బొంగురుగా ఉంది.

"నువ్వు కాపి చూసినవా?" అని అడిగింది మేడం.

రజిత సారు వైపు చూసింది. సారు చార్టు వైపు చూశాడు. ఆ పిల్ల నన్ను చంకన పెట్టుకుని వెనక గుమ్మంలోంచి బయటికి నడిచింది. అక్కడ రేకుల కింద, వచ్చినవాళ్ల భోజనాల కోసం మూడు రాళ్ల పొయ్యి మీద పప్పుచారు మరుగుతోంది. "జరంత జరుగు అక్కా" అని వంటామెను పక్కకు జరిపి, నన్ను సెగకు పట్టి మెల్లగా తిప్పింది. మేడం వెంట వచ్చింది. మేడం వెంట మిగతావాళ్లు, అందరి వెనక సారు వచ్చారు.

తోలు బిగుసుకుంది. రజిత సిర్ర ఎత్తింది. నేను పలికాను. నా జన్మలో అంత కసిగా ఎప్పుడూ పలకలేదు. వంటామె గరిటె ఆపేసింది, లోపల ప్రదర్శన వదిలేసి పిల్లలు బయటికి పరుగెత్తుకొచ్చారు.

"మేకతోలు చెమ్మ తాగుతది మేడం. చెమ్మ పోతే గుంజుకుంటది. గుంజుకుంటే బిగువెక్కువైతది, సప్పుడు సన్నగ, గట్టిగ వస్తది. మా నాయిన చేసేది మూఢనమ్మకం కాదు" అంది రజిత. ఆఖరి మాటను కూడా మింగేయలేదు.

మేడం సారు వైపు తిరిగింది. సారు క్షణం తడుముకోలేదు. "నేను చెప్పించిందే మేడం. ఆలోచన రేకెత్తించాలని చార్టు అట్ల రాయించిన" అన్నాడు. మేడం నవ్వి, చార్టు మార్చండని చెప్పి వెళ్లిపోయింది.

వినూత్న బోధనకు గాను మొదటి బహుమతి కరుణాకర్ సారుకు వచ్చింది. పేపర్లో పడ్డ ఫోటోలో సారు ఉన్నాడు, శాలువా ఉంది, నేనున్నాను. రజిత మోచేయి ఉంది. ప్రాక్టికల్ మార్కుల దగ్గర మాత్రం సారు మరిచిపోలేదు. రజితకు క్లాసులో అందరికన్నా రెండు తక్కువ వేశాడు, క్రమశిక్షణ కోసం.

బడికి కీర్తి తెచ్చినదాన్ని గనక నన్ను మళ్లీ సాయిలుకు ఇవ్వలేదు. ల్యాబులో అద్దాల బీరువాలో పెట్టారు. ఎదురు గోడకు చార్టు తగిలించారు, మార్చకుండానే. లామినేషన్ చేసిన తప్పు చినగదు, తడవదు. సాయిలు నన్ను అడగడానికి రెండుసార్లు వచ్చి వరండాలో నిలబడి వెళ్లాడు, తర్వాత బోల్టులు బిగించే ఫైబర్ డప్పు కొనుక్కున్నాడు. దానికి మంట అక్కర్లేదు.

పరీక్షలయ్యాక, పట్నంలో ఇంటర్ చేరబోయే ముందు, రజిత వచ్చి అద్దం మీద వేళ్లతో మెల్లగా దరువు వేసింది. "ఏయ్, ముట్టద్దు" అన్నాడు సారు బోర్డు తుడుస్తూ. మర్నాడు బీరువాకు ఒక చీటీ అతికించాడు: ముట్టరాదు. ఈ మాట నాకు కొత్త కాదు. ఒకప్పుడు నన్ను చేసే చేతులకు చెప్పేవాళ్లు, ఇప్పుడు నాకు చెబుతున్నారు. దీన్ని గౌరవం అంటారట.

వేసవిలో మధ్యాహ్నం పడమటి కిటికీలోంచి ఎండ నేరుగా నా మీద పడుతుంది. చెమ్మ పోయి తోలు దానంతటదే బిగుస్తుంది. ఆ రెండు గంటలు నా గొంతు శ్రుతిలో ఉంటుంది. వేడికి నేను వదులైపోయానని ఎదురుగా చార్టు చెబుతూనే ఉంటుంది, పిల్లలు దాన్ని నోట్సులో ఎక్కించుకుంటూనే ఉంటారు. ఒక్కరు ముట్టుకుంటే చాలు, తెలిసిపోతుంది.