కాలయంత్ర సంచికలో చివరి కాగితం

పత్రికనని చెప్పుకోవాలంటే నాకే మొహమాటం. అచ్చాఫీసు మొహం చూసినదాన్ని కాదు. ఆకివీడులో ఒక సైక్లోస్టైల్ మిషను మీద, చేతులకి అంటుకునే సిరాలో పుట్టాను. సైన్సు కథల పిచ్చి పట్టిన నలుగురు స్నేహితులు 'చుక్కలదారి' అని ఒక పత్రిక నడిపేవాళ్లు. దాని కాలయంత్ర ప్రత్యేక సంచికని నేను. నలభై ఏళ్లు దాటిపోయాయి. పిన్నులు తుప్పు పట్టాయి, అంచులు పెళుసెక్కాయి. ఇంక నన్నెవరూ తిప్పకుండా ఉంటే చాలనిపిస్తుంది.

సంపాదకుడు సోమరాజు. కథలు చదవడం కంటే సంపాదకీయం రాయడం మీద అతనికి మక్కువ ఎక్కువ. "కాలానికి వరసేమిటోయ్? ఈ సంచికలో పేజీలకి అంకెలు వెయ్యొద్దు" అన్నాడు. మిగతావాళ్లు ఆహా అన్నారు. తెలివి ముదిరితే ఇలాగే ఉంటుంది.

మిషను మీంచి దిగిన కాగితాలని డాబా మీద దొంతర్లుగా పేర్చి, ఒక్కోదాని మీద రాయి పెట్టి, చుట్టూ తిరుగుతూ దొంతరకొకటి తీసి జత చెయ్యడం వాళ్ల పద్ధతి. గుడి చుట్టూ తిరిగినట్టు తిరుగుతుంటే, సోమరాజు వాళ్లమ్మ పిండిగిన్నెతో మెట్లెక్కి వచ్చింది.

"ఒరే, ఆ కాగితాల సంత ఎత్తండి. వడియాలు పెట్టుకోవాలి."

"అయిపోవచ్చిందమ్మా!"

"మీ చంద్రలోకం రేపూ ఉంటుంది. ఎండ ఉండదు."

దొంతర్లు హడావిడిగా కిందికి దించి అరుగు మీద మళ్లీ పేర్చారు. అందులో రెండు అటూ ఇటూ అయ్యాయి. అంకెలు లేవు, ఎవరికి తెలుస్తుంది? నాతోబాటు పుట్టిన ప్రతులన్నీ అదే తప్పుతో ఊళ్లకి వెళ్లిపోయాయి.

ఆ రెండు కాగితాలూ నా చివరి కథవి. రాసింది మంగతాయారు, భీమవరం టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. చిన్నప్పుడు ఆమె తమ్ముడు బుల్లబ్బాయి లాకుల దగ్గర ఈతకి దిగి కాలవలో పోయాడు. మామూలు కథలో పోయినవాడు తిరిగిరాడు. సైన్సు కథలో వస్తాడు. అందుకే ఆమె సైన్సు కథ రాసింది.

కథలో అక్క కాలయంత్రమెక్కి ఆ రోజుకి వెళుతుంది. మొదటిసారి ఆలస్యమైపోతుంది, కళ్లముందే తమ్ముడు మునిగిపోతాడు. ఇంకోసారి ముందుగా వెళ్లి గడపలోనే వాణ్ణి పట్టుకుంటుంది. ఒక్కో ప్రయాణం సరిగ్గా ఒక్కో కాగితానికి సరిపోయింది. కాగితాలు తారుమారయ్యేసరికి, నాలో వాడు ముందు బతికి తరవాత మునిగాడు.

ఇక చూడండి మెప్పులు! తణుకులో ఒక లెక్చరరు ఆఖరి పేరా కింద ఎర్రసిరాతో గీత గీసి 'అద్భుతం' అని రాశాడు. ఆ గీత ఇప్పటికీ నా ఒంటి మీద ఉంది. అత్తిలిలో మంగలిషాపు బల్ల మీద పడున్న రోజుల్లో కూడా, గడ్డం సగం గీయించుకున్నవాడొకడు నన్ను చదివి కళ్లు తుడుచుకున్నాడు. తాయారు మాత్రం మళ్లీ కథ రాయలేదు. "పెళ్లయ్యాక ఆడవాళ్లంతే" అనుకున్నారు స్నేహితులు. ఆమె పెళ్లే చేసుకోలేదన్న సంగతి ఎవరూ కనుక్కోలేదు.

చేతులు మారి మారి చివరికి మళ్లీ సోమరాజుకే చిక్కాను. పాత సంచికల మీద పుస్తకం వేస్తున్నాడట. మొన్న నన్ను సంచీలో పెట్టుకుని, భీమవరంలో తాయారు ఇంటికి తీసుకెళ్లాడు.

"తాయారుగారూ, ఆ రోజుల్లోనే ఎంత ధైర్యమండీ మీకు! తమ్ముణ్ణి బతికించినట్టే బతికించి చంపేశారు."

"నేను చంపలేదు రాజుగారూ. మీరు చంపారు."

పరాచికమనుకుని అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. నా చివరి కాగితం మీద వేలు పెట్టి, "ఇది దీనికి ముందుదండీ. ఇప్పుడు చదవండి" అంది.

చదివాడు. కళ్లజోడు తీసి పంచె చెంగుతో చాలాసేపు తుడుచుకున్నాడు.

"అప్పుడే చెప్పకపోయారా?"

"చెబుదామనే మీ మీటింగుకి వచ్చాను. ముగింపు బాగుంది, ముగింపు బాగుంది అని ఒకటే గోల. వాడు పోవడమే బాగుందన్నవాళ్లకి ఏం చెప్పనండీ?"



"పుస్తకంలో సరిచేసి వేద్దామండి" అన్నాడు సోమరాజు.

"పుస్తకం మాట తరవాత. ముందు దీన్ని సరిచెయ్యండి."

కూరలు తరిగే కత్తి తెచ్చిచ్చింది. తుప్పు పిన్నులు పుటుక్కున విరిగాయి, వాటితో నా మూలొకటి ఊడింది. ఇంత ముసలితనంలో ఈ కోత ఎందుకురా అనుకున్నాను. ఆమె రెండు కాగితాలూ మార్చి, సూదీ దారం తీసుకుని, పక్కన మెల్లిగా కుట్టింది. నొప్పి తెలియలేదు.

ఆ తరవాత నా చివరి కాగితం పైకి చదివింది. భుజాన తువ్వాలేసుకుని బుల్లబ్బాయి గడపలో ఉన్నాడు. దూరంగా లాకులెత్తిన చప్పుడు. అక్క మణికట్టు పట్టుకుని వదల్లేదు.

"సర్లే అక్కా, వెళ్లన్లే. అన్నం పెట్టు."

ఆ తరవాత నాలో కాగితం లేదు.