నాలుగో పాత ఫోన్

"నీకెందుకే కొత్తది, మాట్లాడనీకే గద" అంటూ దామోదర్ తన పాత ఫోన్ భార్య రోజారమణి చేతిలో పెట్టాడు. అది ఆమెకొచ్చిన నాలుగోది. రెండేళ్లు తిరిగేసరికి ఆయనకు చేతిలోది నచ్చదు. కెమెరా మసకంటాడు, నెమ్మదించిందంటాడు. ఆయనకు నచ్చనిది ఆమెకు దక్కుతుంది. పగిలిన అద్దం వేలికి గుచ్చుకుంటే, ఆ వేలు కొంగుకు తుడుచుకుని ఫోన్ తీసుకుంది. దామోదర్ నేసే మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోగానే, ఆ పాత పోగుల కొసలకు కొత్త పడుగు అతికేది ఆమే. మూడు వేల పోగులు, వేళ్లకు బూడిద అద్దుకుని ఒక్కొక్కటీ మెలిపెట్టాలి. లేచేసరికి నడుము తనది కాదన్నట్టుంటుంది. అయినా వాళ్ల ఊరు మోత్కూర్‌లో ఎవరడిగినా, "మా ఆమె ఇంట్లనే ఉంటది, ఏం చెయ్యది" అంటాడు దామోదర్. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె వంటింట్లోకి పోయేది.

ఈ వానాకాలం చేనేత సంఘంవాళ్లు, పడుగులు అతికేవాళ్ల పేర్లు కూడా కార్మికులుగా రాసుకుంటామన్నారు. ఎవరి పేరు వాళ్ల నంబర్ మీదే, యాప్‌లో ఎక్కాలి. రోజారమణి మంచి చీర కట్టుకుని పోయింది. పేర్లు రాసే గోపాల్ ఆమె ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అక్కా, గీ ఫోన్‌కు ఇగ అప్‌డేట్ రాదు. కంపెనోళ్లు బంద్ చేసిన్రు. యాప్ దీంట్ల ఎక్కది."

"మంచిగనే పనిచేస్తాంది గద తమ్మీ."

"పనిచేస్తది గని, పనికిరాదక్కా. రేపే ఆఖరు, వేరే ఫోన్ సూస్కో."

పాపం, అతను ఫోన్ గురించే అన్నాడు. పందొమ్మిదేళ్లుగా ఇంట్లో తన సంగతీ ఇంతే కదా అని రోజారమణికి ఆ బల్ల ముందు తట్టింది. దారంతా కళ్లు తుడుచుకుంటూనే వచ్చింది.

"నీ ఫోన్ల నా సిమ్ ఏసుకుంట, ఒక్క గంట ఇయ్యి" అని మొగుణ్ని అడిగింది. అది ఆయన పోయిన నెలే కొన్నది.

"కొత్త ఫోన్, నీకు సమజ్ కాదు. రేపు నేనే పోత తియ్యి" అన్నాడు.

మరునాడు పోయి మధ్యాహ్నానికి వచ్చాడు.

"అయిపోయింది. సిమ్ తీసుడు, ఏసుడు లొల్లెందుకని పడుగు అతికేటోళ్లల్ల నా నంబర్ మీద నా పేరే ఎక్కించిన. ఇద్దరం ఒక్కటే గద, ఎవరి పేరైతేంది? గా కొత్త పడుగు అతుకు ఇగ, మగ్గం ఖాళీగున్నది."

రోజారమణి గడపలోనే కూర్చుంది. అరవాలనిపించలేదు.

"పేరు నీదెక్కింది. నువ్వే అతుకు" అంది.

దామోదర్ నవ్వబోయాడు. ఆమె మొహం చూసి ఆగిపోయాడు. మగ్గం వైపు, వేలాడుతున్న ఆ పోగుల వైపు చూశాడు.

"నాకేడ వస్తదే గంత పని" అన్నాడు.

పందొమ్మిదేళ్లలో ఆయన దాన్ని పని అనడం అదే మొదలు. రోజారమణికి ఏడుపు ఆగలేదు, కానీ గడపలోంచి లేవలేదు.