ఆషాఢంలో తిరిగిన చక్రం

నేను ఒక కరెంటు మీటరును. ఇప్పటి అంకెల మీటరును కాదు. నల్ల డబ్బా, ముందు అద్దం, లోపల అంచుకు ఎర్రగీత ఉన్న చక్రం, అదీ నా రూపం. ఫ్యాక్టరీలో నన్ను పరీక్షించి సీసపు సీలు వేశారు. ఆ తర్వాత నా లోపలికి ఎవరూ చెయ్యి పెట్టకూడదు. మనుషుల మాటకు లేని మర్యాద నా అంకెకు ఉండటానికి కారణం అదే. ఇందులో నా గొప్పేమీ లేదు. స్విచ్చి వేస్తే తిరుగుతాను, తీస్తే ఊరుకుంటాను.

నన్ను తెనాలిలో ఒక పెంకుటింటి వరండా గోడకు బిగించారు. ఇల్లు సుబ్బారాయుడిగారిది. అందులో అద్దెకున్నది మస్తానమ్మ. భర్త పోయాక మోటారు మిషను మీద జాకెట్లు కుట్టుకుంటూ ఇరవై ఆరేళ్లు అక్కడే ఉంది. నేను ఎక్కువగా తిరిగింది ఆ మిషను కోసమే.

సుబ్బారాయుడుగారు కాలం చేశాక ఇల్లు ఆయన తమ్ముడి కొడుకు ప్రసాదరావుకు వచ్చింది. ఖాళీ చెయ్యమన్నాడు. ఎక్కడికి పోవాలని ఆవిడ అడిగింది. కోర్టుకు వెళితే ఏళ్లు పడుతుందని ఎవరో చెప్పడంతో ఆయనకు దగ్గర దారి తట్టింది.

శ్రావణ మాసం మొదట్లో మస్తానమ్మ చెల్లెలి కూతురి కాన్పుకని చీరాల వెళ్లింది. ఆవిడ లేని నాలుగు రోజుల్లో ప్రసాదరావు తాళం పగలగొట్టి, భార్య రాజ్యలక్ష్మితో సహా దిగి, శాస్త్రిగారిని పిలిపించి పాలు పొంగించాడు. మిషనూ, సామానూ వెనక గదిలో పడేసి తాళం వేశాడు. ఆవిడ తిరిగొచ్చేసరికి గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్నాయి.

"లోపల పద్నాలుగు జాకెట్టు ముక్కలున్నయ్యయ్యా. వరలక్ష్మీ వ్రతానికి కుట్టి ఇస్తానని మాటిచ్చా. అయ్యన్నా ఇవ్వండి" అంది.

"ఏం జాకెట్లు? నువ్వు తాళాలిచ్చి వెళ్లిపోయి నెల దాటిందిగా" అన్నాడు ప్రసాదరావు. అబద్ధమాడేటప్పుడు మనుషులు గొంతు ఎంత మెత్తగా పెడతారో ఆరోజే గమనించాను.

ఆవిడ దావా వేసింది. ఆవిడే ఖాళీ చేసి వెళ్లిందనీ, తాము జూలై ఐదునే దిగామనీ ఆయన కోర్టుకు రాసిచ్చాడు. ఇల్లు ఎవరిదన్న గొడవ తర్వాత సంగతి. తాళం పగిలే ముందు లోపల ఉన్నది ఎవరు? ముందు అది తేలాలి. ఆవిడే అయితే ఇల్లు ప్రస్తుతానికి ఆవిడకే దక్కుతుంది. చూసి రమ్మని కోర్టు ఒక చిన్న వయసు లాయరమ్మను కమిషనరుగా పంపింది.

ఆ అమ్మాయి నా పక్కన వేలాడుతున్న రీడింగు కార్డు చూసి, "జూలైలో కూడా మామూలుగానే కాలిందే?" అంది.

"మేమే వాడాంగా మేడమ్" అన్నాడు ప్రసాదరావు.

నేనేం చెప్పను? ఎంత కాలిందో నాకు తెలుసు, ఎవరి చెయ్యి స్విచ్చి వేసిందో నా అంకెల్లో ఉండదు. నిజం తెలిసీ గోడకు వేలాడటం నాకు ఆరోజు కష్టంగానే అనిపించింది.

ఆ అమ్మాయి ఎండిన మామిడాకుల వంక చూసింది. "తోరణం ఎప్పుడు కట్టారు?"

"పాలు పొంగించిన రోజునండీ."

"అంటే జూలై ఐదు." రాసుకుంటూ పైకే చదివింది. "ఆషాఢ మాసంలో గృహప్రవేశం..."

కాఫీ తెస్తున్న రాజ్యలక్ష్మి గుమ్మంలోనే ఆగిపోయింది. "అదేం మాటమ్మా! ఆషాఢంలో ఎవరన్నా పాలు పొంగిస్తారా? మేమేమన్నా తెలియనోళ్లమా? శ్రావణం వచ్చిందాకా ఆగి, శుద్ధ పంచమి నాడు శాస్త్రిగారు పెట్టిన ముహూర్తానికే లోపలికొచ్చాం. అప్పటిదాకా ఈ గడప తొక్కితే ఒట్టు!"

ప్రసాదరావు భార్య వంక చూశాడు. లాయరమ్మ తలెత్తకుండా రాసుకుంది. జూలైలో నన్ను తిప్పింది వీళ్లు కాదని, మస్తానమ్మేనని తేలిపోయింది. ఒకరి తాళం పగలగొట్టడానికి వెనకాడని మనిషి ఆషాఢంలో కాలు పెట్టడానికి జంకాడు. మనుషుల భయాలు ఎక్కడుంటాయో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

అయినా ఉత్తర్వు రావడానికి ఐదు నెలలు పట్టింది. కావాలంటే ప్రసాదరావు ఖాళీ చేయించే దావా వేసుకోవచ్చనీ, అది తేలేవరకు తాత్కాలికంగా స్వాధీనం మస్తానమ్మదే అన్నారు. కోర్టు అమీను వచ్చి వెనక గది తెరిపించాడు. పద్నాలుగు ముక్కలూ అలాగే ఉన్నాయి. వ్రతం ఎప్పుడో వెళ్లిపోయింది. అయినా మర్నాడు పొద్దున్నే కూర్చుని అన్నీ కుట్టేసింది. నేను గిర్రున తిరిగాను. సంతోషంగా తిరిగానని చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఆ తాత్కాలికం తొమ్మిదేళ్లు సాగింది. జడ్జీలు మారారు, లాయర్లు మారారు, వాయిదాలు మాత్రం ఆగలేదు. గోడకు మేకు కొట్టాలన్నా మస్తానమ్మ లాయరును అడిగేది.

ఇప్పుడు నేను కరెంటాఫీసు స్టోరులో పాత మీటర్ల గుట్టలో ఉన్నాను. నన్ను విప్పిన రోజున లైన్‌మన్ కాగితం తీసి, "పాత పేరు సుబ్బారాయుడుగారని ఉంది. ఆయన లేరంటున్నారు. కొత్త మీటరుకు ఎవరి పేరు రాసుకోమంటారమ్మా?" అని అడిగాడు.

మస్తానమ్మ మిషను ఆపింది.

"పన్నెండో తారీకున వాయిదా ఉంది నాయనా" అంది. "నా పేరే రాసుకో. పెన్సిలుతో రాసుకో."