రాలని కంకి

గాలి లేవకముందే ట్రాక్టర్ చప్పుడు వినిపించింది. అన్నయ్య నాగళ్లు తగిలించుకుని వచ్చి గట్టు పక్కన ఆపాడు. ఇంజను మాత్రం ఆపలేదు.

"వాన పడకముందే దున్నెయ్యాలి. ఇక తప్పుకోరా."

ఆ రాళ్ల చేను మా ఇద్దరిదీ. నేను అందులో పెంచుతున్నది గడ్డి. కొండవాలున ఎవరూ విత్తకుండా, ఎవరూ తడపకుండా బతికే గడ్డి. ఒకసారి వేరు దిగితే ఏటేటా అదే దుబ్బు చిగురిస్తుంది. గింజ సన్నం, ఉడికితే కమ్మగా ఉంటుంది. జబ్బల్లా ఒకటే, పండీ పండగానే రాలిపోతుంది. "నువ్వు చీమల కోసం వ్యవసాయం చేస్తున్నావు" అని అన్నయ్య ఎగతాళి చేసేది అందుకే. ఈ ఏటి పంటలో కంకికి గింజ నిలిస్తే చేను గడ్డికి వదిలెయ్యాలి, లేకపోతే దున్నెయ్యాలి. అదీ మా ఒప్పందం.

గట్టు వారనున్న ఒక్క దుబ్బు మీదే నా ఆశంతా. మిగతావి రాల్చడం మొదలుపెట్టినా అది గింజను వదల్లేదు. పోయినేడూ అలాగే అనిపించింది గానీ, తేలేలోగా మేకల నోట పడింది.

పడమర నల్లబడింది. వదిన పరదా చుట్ట చంకలో పెట్టుకుని వచ్చింది.

"ఏమయ్యా, ఆ ఒక్కదానికైనా ఇది కప్పు."

"కప్పితే దాని పట్టు సంగతి ఎలా తెలుస్తుంది వదినా?"

అన్నయ్య నవ్వాడు. "వీడి పట్టుదలలో సగం ఆ గడ్డికుంటే బాగుండేది."

"గాలి వెళ్లేదాకా ఆగు అన్నయ్యా. తర్వాత నీ ఇష్టం."

ఇంజను ఆగింది.

గాలి ఒక్క ఊపున వచ్చింది. దుబ్బులన్నీ నేలకు వాలి లేచి మళ్లీ వాలాయి. దుమ్ముతో పాటు గింజలు మొహానికి కొట్టుకున్నాయి. ఏ దుబ్బు గింజలో తెలియదు. వదిన చేతిలో పరదా టపటపలాడుతోంది. నా చేతులు నా మాట వినవేమోనని వెనక్కి కట్టుకున్నాను.

గాలి తగ్గాక చేనంతా ఉత్త పుల్లలే. అన్నయ్య ట్రాక్టర్ దిగి నేరుగా గట్టు వారకు నడిచాడు. ఆ దుబ్బు కంకులు బరువుగా వంగే ఉన్నాయి. గుప్పిట పట్టి, దొంగ కాలరు పట్టుకున్నట్టు గుంజి ఊపాడు. కింద అరచెయ్యి పెట్టి చూసుకున్నాడు. ఒకటో రెండో పడ్డాయి, అంతే. ఒక కంకి తుంచి రెండు చేతుల మధ్య గట్టిగా నలిపితే గానీ గింజ ఊడలేదు. నోట్లో వేసుకుని కొరికాడు.

"ఇంత మొండిదైతే నూర్చేదెలారా?"

"మీ ఇద్దరికీ ఇస్తే సరి. మొండితనంలో అది మీ ముందు ఎంత" అంది వదిన.

అన్నయ్య ట్రాక్టర్ ఎక్కి వెనక్కి తిప్పాడు. మలుపులో ఆగి, కేకేశాడు.

"మేకలు తిరుగుతాయి, అక్కడే ఉండు. నాగళ్లు విప్పి ట్రాలీ తగిలించుకుని వస్తాను. కంచెకు ముళ్లకంప తెద్దాం."