రెండో మెసేజీ

పోచంపల్లిలో చీరల నేతకు ఆసు మీద దారం పోసి కూలి తెచ్చుకునే సుగుణమ్మ, తన బిడ్డ అక్షిత పోయిందంటే సగమే నమ్మింది. చౌటుప్పల్ దగ్గర లారీ గుద్దింది నిజమే, దినాలు చేసిందీ నిజమే. మరి నెలనెలా పదకొండో తారీఖు పొద్దున బిడ్డ ఫోను రెండుసార్లు ఎందుకు మోగుతుంది?

ఆ ఫోనుకు ఒక్కరోజు కూడా చార్జింగు తప్పనివ్వలేదు ఆ తల్లి. ఇంగ్లీషు రాదు గాని అంకెలు వచ్చు. మొదటి మెసేజీలో పెద్ద అంకె, కాసేపటికి వచ్చే రెండోదాంట్లో చిన్న అంకె. ఒక నెల పదిహేడు వందల ఇరవై ఒకటి, దాని వెనకే డెబ్బై ఒకటి. మరుసటి నెల పదిహేడు వందల ముప్పై ఎనిమిది, వెనకే డెబ్బై రెండు. ఆ డబ్బులు బిడ్డ ఖాతాలోంచే పోతున్నాయి. బ్యాంకు మిషను కోసుకుంటే ప్రతినెలా ఒకటే కోసుకోవాలి కదా! ఇట్లా హెచ్చుతగ్గులు వచ్చేది మనిషి చేతి ఖర్చుకే. పెద్దది బిడ్డ కొనుక్కున్న సరుకు, చిన్నది చాయకూ మిర్చిబజ్జీకీ. అక్కడ ఆకలితో ఉండకూడదని, తాను కారం మెతుకులు తిని, నెలకు రెండు వేలు ఆ ఖాతాలో వేస్తూ వచ్చింది.

ఒకనాడు ఆ డబ్బు కట్టిన బ్యాంకు రశీదులు తమ్ముడు వెంకటేశ్ కంటబడ్డాయి. ఫోను తీసి చదివాడు.

"అక్కా, గిది పరాయిదేశం ఆన్‌లైన్ దుకాణం. చీరల డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ కిరాయికి తీస్కున్నది పోరి. నెలకు ఇరవై డాలర్లు. బంద్ జెయ్యమనే దాంక కోస్కుంటనే ఉంటరు."

"ఇరవై ఎప్పుడైనా ఇరవయ్యే గదరా. మరి పైసలెందుకు మారుతున్నయ్?"

"డాలర్ ధర దినాం మారుతదే. రూపాయల్ల లెక్కగడితే గట్లనే వస్తది."

"గా చిన్నది? అది చాయ పైసలు గాదా?"

"ఏం చాయనే! మన రూపాయలు డాలర్లు జేసినందుకు బ్యాంకోడు గుంజే ఫీజు." నవ్వబోయిన వెంకటేశ్ అక్క మొఖం చూసి ఆగిపోయాడు. "పోరి లేదని బ్యాంకుల జెప్తె ఒక్కదినంల బంద్ అయితది. రేపు నేనొస్త."

మరునాడు అతను మరణ ధ్రువపత్రం పట్టుకొచ్చాడు. సుగుణమ్మ వెంట నడిచింది. దారిలో ఒక్కమాట అడిగింది.

"గది బంద్ అయితె ఫోన్ మోగదా ఇగ?"

"మోగదు."

బ్యాంకు కౌంటరు ముందు వాళ్ల వంతు వచ్చింది. లోపలున్న క్లర్కు నాగరాణి తలెత్తి, "ఎవరి ఖాతా అమ్మా?" అంది.

"నా బిడ్డది."

"ఆమె రాలేదా?"

వెంకటేశ్ కాగితం ముందుకు చాపాడు. సుగుణమ్మ ఆ చేతి మీద తన చెయ్యి వేసి, మెల్లగా కిందికి దించింది. కొంగు ముడి విప్పి రెండు వేలు తీసి కౌంటరులోకి జరిపింది.

"కొలువుకు పోయిందమ్మా," అంది. "నువ్వు ఇవి దాని ఖాతాల వెయ్యి."