సాక పోసిన పెద్దాయన

బుచ్చవ్వ సంచి మూడోసారి సర్దుతోంది. లుంగీ, తువ్వాల, కప్పుకోవడానికి చద్దరు, పాత చీర ముక్కలో చుట్టిన నాలుగు జొన్నరొట్టెలు. ఓటరు కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి లోపలి జేబులోకి తోసింది. మళ్లీ తీసి చూసింది. మళ్లీ తోసింది. సంచి చైను సగందాకా వచ్చి ఆగిపోతే కొవ్వొత్తి ముక్క రుద్దింది. అప్పటికీ కదలకపోతే పిన్నీసు పెట్టింది.

"ఒక్క రాత్రికి గింత సంచి ఎందుకే? నేనేమన్న దుబాయి పోతున్ననా?" అన్నాడు బక్కయ్య, గడపలో కూర్చుని బీడీ వెలిగించుకుంటూ.

"దుబాయి పోయినోళ్లన్న ఫోన్ జేస్తరు. నువ్వు జోల్వా పోతె గది సుత లేదు."

బక్కయ్యకు యాభై ఎనిమిదేళ్లు. నలభై ఏళ్లు మరమగ్గాల మధ్య నిలబడ్డాడు కాబట్టి కుడిచెవి పూర్తిగా, ఎడమచెవి సగం పోయాయి. ఎంత చిన్న మాటైనా అరిచినట్టే మాట్లాడతాడు. కనుబొమ్మల్లో నూగు ఎప్పుడూ ఉంటుంది, స్నానం చేసినా పోదు. ఎడమచేతికి మూడే వేళ్లు.

మరునాడు గుజరాత్ అసెంబ్లీ ఎన్నికలు. లింబాయత్‌కు వచ్చి కాపురం పెట్టి తొమ్మిదేళ్లయినా అతని ఓటు పాత పనిచోటు జోల్వాలోనే ఉంది. అక్కడి ఫ్యాక్టరీ గదుల్లో ఉన్నప్పుడు శేఠు పనివాళ్లందరికీ ఒకేసారి కార్డులు చేయించాడు. మార్పించుకోవాలంటే ఒకరోజు పని మానాలి. ఆ ఒక్కరోజు తొమ్మిదేళ్లలో దొరకలేదు. అందుకే ఓట్లు వచ్చినప్పుడల్లా ముందురోజు శేఠు టెంపో వచ్చి పాత పనివాళ్లను ఎక్కించుకుపోతుంది. అవతలి పార్టీ చేతికి చిక్కకుండా ఫ్యాక్టరీలోనే ఉంచుతారు. అన్నం పెడతారు. ఇంకొకటి కూడా పోస్తారు. గుజరాత్‌లో మందు అమ్మకూడదు, కొనకూడదు, తాగకూడదు. ఓట్లప్పుడు మాత్రం ఎక్కడినుంచో సారా పోట్లీలు దిగుతాయి, పాల ప్యాకెట్లలా ప్లాస్టిక్‌లో కట్టినవి.

బుచ్చవ్వ భయం దానిగురించే. పదకొండేళ్ల కింద తాగి మగ్గం మీదికి పోయి రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. అతని గాయం మానేదాకా ఆమె ఉండి, బట్టలు మూట కట్టుకుని జగిత్యాల పక్కన కూతురు సంతోషి దగ్గరికి వెళ్లిపోయింది. ఎనిమిది నెలలు. మూడు వేళ్లతో గంజి వంచుకుంటూ, వంచినప్పుడల్లా కాల్చుకుంటూ ఆ ఎనిమిది నెలలు ఎలా గడిచాయో బక్కయ్య ఎవరికీ చెప్పలేదు. వెళ్లి ఆమె నెత్తిమీద చెయ్యిపెట్టి ఇక తాగనని ఒట్టేసి తీసుకొచ్చాడు.

"యాదికుంది గదా?" అంది బుచ్చవ్వ, సంచి అందిస్తూ.

"ఉంది."

"చుక్క ముట్టినవంటె నేను బిడ్డ తానికి పోత. గీసారి పిలువ వస్తె సుత రాను. ఉత్తగ అంటలేను."

ఉత్తగా అనటంలేదని అతనికి తెలుసు.

టెంపోలో పదిమంది. కాళ్లు ముడుచుకుని కూర్చుంటే సురేశ్ జరిగి చోటిచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, వీళ్ల పక్కగదిలో ఉంటాడు, బక్కయ్యను మామా అని పిలుస్తాడు. ఎదురుగా ఉన్న కమలాకర్ నోరు ఊరుకోదు.

"బక్కన్నా, సంచిల అత్తగారింటి సారె ఉన్నదా ఏంది?"

"రొట్టెలురా."

"వదినె లెక్కవెట్టి కట్టిందా? మల్ల తిరిగొచ్చినంక తూకమేస్తదా?"

అందరూ నవ్వారు. బక్కయ్య సగం విన్నాడు, మొత్తం నవ్వాడు.

జోల్వా షెడ్డులో మగ్గాలు ఆగి ఉన్నాయి. పనిలో ఉన్నప్పుడు ఆ మోత ఒళ్లంతా పాకుతుంది, అతనికి అది ఊపిరిలాంటిది. ఇప్పుడు ఎనభై మగ్గాలు నోళ్లు తెరుచుకుని, తెగిన దారాలు వేలాడేసుకుని నిలబడ్డాయి. వాటి మధ్యనుంచి నడుస్తుంటే తన అడుగుల చప్పుడు తనకే వినబడింది. ఎన్నాళ్లయిందో అలా వినబడి. ఎందుకో బాగనిపించలేదు.

నాలుగింటికి సూపర్‌వైజరు బకెట్‌లో పోట్లీలు తెచ్చి పెట్టి, గేటుకు తాళమేసుకుని వెళ్లాడు. అందరూ గుండ్రంగా కూర్చున్నారు. బక్కయ్య లేచి గోడవైపు జరిగాడు.

"యాడికి వోతవే?" అన్నాడు కమలాకర్. "సాక ఎవలు వోస్తరు?"

ఊళ్లో కల్లు తాగినా, ఇక్కడ ఏది దొరికినా, ముందు పోశమ్మ తల్లికి నాలుగు చుక్కలు నేలమీద పోయాలి. అదే సాక. కూర్చున్నవాళ్లలో పెద్దవాడు పోస్తాడు, పోసినవాడే మొదటి గ్లాసు తాగుతాడు. అతను తాగకుండా ఇంకొకడు ముట్టుకోకూడదు. ఇన్నేళ్లూ పెద్దవాడు నాగభూషణం. పోయిన ఎండాకాలంలో అతను ఊరికి వెళ్లిపోయాడు. ఇప్పుడు తొమ్మిది మొహాలు బక్కయ్యను చూస్తున్నాయి.

"నాకు ఒట్టుందిరా."

"తాగుమంటలేమే. తల్లికి పొయ్యి, తీర్తం దీసుకో. తీర్తం తాగుడైతదా? అమ్మ పేరు మీద వోసి నువ్వే ఇసిరికొడితె, రేపు మా పిల్లలకు ఏమన్నయితె నువ్వు జిమ్మెదారి ఉంటవా?"

బక్కయ్య వచ్చి కూర్చున్నాడు. పోట్లీ మూల కొరికి నాలుగు చుక్కలు నేలకు వదిలాడు. "తల్లీ, చల్లగ సూడు" అన్నాడు. స్టీలు గ్లాసు నిండుగా పోసి చేతికిచ్చారు. మిషను తుడిచే మందులాంటి వాసన. కళ్లు మూసుకుని ఒక్క గుక్కలో దించేశాడు.

గ్లాసు ఇంకా రెండోవాడి చేతికి వెళ్లలేదు. గేటు బయట జీపు ఆగింది. ఎన్నికల తనిఖీ స్క్వాడు! కమలాకర్ బకెట్ ఎత్తుకుని పరుగెత్తి, ఉన్నవన్నీ వెనక మురికికాలవలో గుమ్మరించాడు. స్క్వాడువాళ్లు తాళం తీయించి, షెడ్డంతా తిరిగి, వాసన చూసి, ఏమీ దొరక్క వెళ్లిపోయారు.

"అందరికి ఎగవెట్టి మామ ఒక్కడే తాగిండు," అన్నాడు సురేశ్. ఆ మాటకు చాలాసేపు నవ్వుకున్నారు.

"మీ అత్తకు చెప్పకురా," అన్నాడు బక్కయ్య. అతను నవ్వలేదు.

పొద్దున తలనొప్పితో లేచాడు. కడుపులో తిప్పుతోంది. బుచ్చవ్వ ఫోన్ చేసింది.

"ముట్టలేదు గదా?"

"లేదే."

"నిజంగ?"

"నిజంగ. పోశమ్మ తోడు."

అవతల ఆమె పక్కింటి లతను కేకేసి చెబుతోంది: "తాగలేదట లతా! పదిమందిల ఉండి సుత ముట్టలేదట!" ఆ గొంతులో సంతోషం సగం చెవికి కూడా బాగా వినబడింది.

బడి దగ్గర ఓటు వరసలో నిలబడినప్పుడు, "మంచు గిట్ల వట్టింది ఏందిరా?" అన్నాడు బక్కయ్య. ఎండ ఫెళ్లున కాస్తోంది. సురేశ్ అతని మొహంలోకి చూశాడు. లోపల ఓటు మిషను మీది గుర్తులన్నీ తెల్లగా కలిసిపోయి కనబడ్డాయి. పైనుంచి వేలితో తడుముకుంటూ వచ్చి మూడోది నొక్కాడు.

జోల్వాలోని చిన్న దవాఖానాకు సురేశే తీసుకెళ్లాడు. డాక్టరు కళ్లలో లైటు వేసి చూసి, బయటి తలుపు మూసి వచ్చాడు.

"దారూ పీధో ఛే? మందు తాగావా? సచ్ బోలో. పోలీసులకు చెప్పను. కల్తీది తాగితేనే చూపు ఇట్లా పోతుంది. అదే అయితే ఇప్పుడే పెద్దాసుపత్రికి పంపాలి. అక్కడ విరుగుడు ఉంది," అన్నాడు సగం గుజరాతీలో, సగం హిందీలో.

సురేశ్ నోరు తెరిచాడు. బక్కయ్య మూడువేళ్ల చెయ్యి వచ్చి వాడి మణికట్టును పట్టుకుంది. పెద్దాసుపత్రి అంటే కాగితం. కాగితం మీద దారూ అని రాస్తారు, ఇంటికి కబురు పెడతారు. బుచ్చవ్వ వస్తుంది, చదివించుకుంటుంది, బట్టలు మూట కట్టుకుంటుంది.

"నహీ సాబ్," అన్నాడు బక్కయ్య, ఎప్పటిలాగే గట్టిగా. "గ్యారా సాల్ సే ఏక్ బూంద్ నహీ." పదకొండేళ్లుగా చుక్క ముట్టలేదని.

డాక్టరు సురేశ్‌వైపు తిరిగాడు. సురేశ్ నేల చూశాడు. డాక్టరు గ్యాసు మాత్రలు రాసిచ్చాడు.

షెడ్డుకు తిరిగొచ్చి, రెండు మగ్గాల మధ్య సందులో చద్దరు పరుచుకుని పడుకున్నాడు. "జర ఆగినంక పోదాం," అన్నాడు. కాసేపటికి, "లైట్ ఏస్తలేరేందిరా?" అని అడిగాడు. అప్పుడు మధ్యాహ్నం రెండు. అది విని సురేశ్ ఏడుస్తూ టెంపో కోసం రోడ్డుమీదికి పరుగెత్తాడు. టెంపోలన్నీ ఓటర్లను మోస్తున్నాయి.

లింబాయత్‌నుంచి వెళ్లినవాళ్లు పదిమంది. తొమ్మిదిమంది తిరిగి వచ్చారు. బక్కయ్య రాలేదు. డిసెంబరు ఒకటి, గురువారం, పోలింగు ముగియడానికి ఇరవై నిమిషాల ముందు పోయాడు.